డ్రయర్ వేడెక్కట్లేదా? హీటర్ కంటే ముందు గాలి సంగతి చూడండి

అనంతపురంలో బట్టలు ఆరబెట్టుకోవడానికి మిషన్ దేనికి అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఏడాది మొత్తం కలిపినా సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే ప్రాంతం ఇది. మే నెలలో దండెం మీద వేసిన టవల్ కాఫీ తాగి వచ్చేలోపు ఎండిపోతుంది. అయినా డ్రయర్లు వస్తున్నాయి, వాటికి కారణాలూ ఉన్నాయి. మిద్దె మీదికి పోయే తలుపుకు ఓనర్ తాళం వేసుకునే అపార్ట్‌మెంట్లు పెరిగాయి. కడప వైపు నవంబరులో ముసురు పట్టిందంటే పసిపిల్లల గుడ్డలు రోజుల తరబడి పచ్చిగానే ఉంటాయి. కర్నూలులో నర్సింగ్ హోములు, లాడ్జీలు, హాస్టళ్లు ఎండను నమ్ముకుని దుప్పట్ల లెక్క వేసుకోలేవు.

డ్రయర్లు వచ్చినంత వేగంగా వాటి రిపేరు తెలిసిన చేతులు రాలేదు. స్టార్ట్ కాకపోయినా, వేడెక్కకపోయినా వినిపించే మాట ఒకటే: "హీటర్ పోయింది సార్, కొత్తది తెప్పించాలి." వేలు ఖర్చు పెట్టి హీటర్ మార్పిస్తారు, నెల తిరక్కముందే మళ్లీ అదే కథ. నేను చూసినంతవరకు వేడి రావట్లేదనే ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి మూలం హీటర్ కాదు. బయటికి పోవాల్సిన గాలి ఆగిపోయి ఉంటుంది, లేదంటే లోపలికి రావాల్సిన కరెంటు చాలి ఉండదు. ఈ రెండూ ఏ స్క్రూ విప్పకుండానే కనిపెట్టొచ్చు.

ముందు ఇంట్లో ఉన్నది ఏ రకమో తేల్చుకోవాలి. మన దగ్గర డ్రయర్ అని చెప్పి మెకానిక్‌ని పిలిచేది మూడు వేర్వేరు మిషన్ల కోసం. సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మిషన్‌లో పక్కనుండే చిన్న టబ్బు మొదటిది. అది బట్టల్ని వేగంగా తిప్పి నీళ్లు విదిలిస్తుంది, అంతే. దాంట్లో హీటరే ఉండదు కాబట్టి బట్టలు వెచ్చగా రాలేదని కంగారు పడే పని లేదు. అది తిరగకపోతే చూడాల్సినవి కొన్నే. మూత కింద ఉండే స్విచ్ నొక్కుకుంటోందా, మూత తీస్తే పట్టుకునే బ్రేకు మూత వేసినా వదలకుండా ఉందా, మోటారు కెపాసిటర్ బాగుందా, బట్టలు ఒక పక్కకే పోగయ్యాయా. చాలావరకు ఇంతటితో తేలిపోతుంది. రెండోది ఉతికి ఆరబెట్టే పనులు రెండూ ఒకే డ్రమ్ములో చేసే వాషర్ డ్రయర్. మూడోది అచ్చంగా ఆరబెట్టడానికే ఉండే టంబుల్ డ్రయర్. తడి గాలిని వెనక గొట్టంలోంచి బయటికి తోసేవి, ఆవిరిని నీళ్లుగా మార్చి ట్యాంకులో పట్టేవి, హీట్ పంపుతో (ఫ్రిజ్‌లో ఉండే లాంటి కంప్రెసర్‌తో) నడిచేవి అని దీంట్లో మళ్లీ రకాలున్నాయి. ఇక్కడ చెప్పేదంతా ఎక్కువగా ఈ చివరి రెండు మిషన్ల గురించే.

బట్టలు ఆరాలంటే డ్రమ్ము తిరగాలి, గాలి ఆడాలి, వేడి పుట్టాలి. ఈ మూడింట్లో ఏది ఆగిందో చూసుకుంటే సగం రోగం దొరికినట్టే. మెకానిక్‌కి ఫోన్ చేసి "పని చేయట్లేదు" అని చెప్పడానికీ, "డ్రమ్ము తిరుగుతోంది, గాలి సన్నగా వస్తోంది, బట్టలు వేడిగానే ఉన్నాయి గానీ తడి పోవట్లేదు" అని చెప్పడానికీ చాలా తేడా ఉంది. రెండోలా చెబితే వచ్చేవాడు సరైన సామాను తెచ్చుకుంటాడు.

అసలు ప్రాణమే లేనప్పుడు

లైట్లు లేవు, చప్పుడు లేదు. ఇలాంటప్పుడు మిషన్‌ని వదిలేసి గోడ వైపు చూడండి. ఇళ్లలో వాడే డ్రయర్ చాలావరకు 2000 వాట్లు, అంతకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి గీజరుకు పెట్టే పెద్ద సాకెట్, అంటే 16 ఆంపియర్లది కావాలి. ఫ్యాను, ఫోన్ చార్జర్ పెట్టుకునే 6 ఆంపియర్ల సాకెట్‌లో కన్వర్టర్ ప్లగ్గు పెట్టి నడిపితే కొన్నాళ్లు నడుస్తుంది, తర్వాత సాకెట్ లోపలి పట్టీ వేడికి వదులై నల్లబడుతుంది. ప్లగ్గు లాగి దాని పిన్నుల రంగు చూడండి. ఒక పిన్ను మీద గోధుమ రంగో నలుపో కనిపించినా, పక్కనున్న ప్లాస్టిక్ కరిగినట్టున్నా ఆ సాకెట్ మార్చేదాకా డ్రయర్ వేయొద్దు. ఎక్స్‌టెన్షన్ బాక్సు గురించి వేరే చెప్పక్కర్లేదు, దాని మీద డ్రయర్ నడపకూడదు.

టెస్టర్ పెట్టి చూస్తే వెలిగింది, కాబట్టి కరెంటు ఉంది అనుకోవడం చాలామంది చేసేదే. టెస్టర్ చెప్పేది ఫేజ్ వచ్చిందని మాత్రమే. న్యూట్రల్ వైరు ఊడిపోయినా టెస్టర్ బ్రహ్మాండంగా వెలుగుతుంది, డ్రయర్ మాత్రం కదలదు. దీనికి ఇంట్లోనే ఒక సులువైన పరీక్ష ఉంది. 6, 16 రెండు రకాల ప్లగ్గులూ పట్టే సాకెట్ అయితే ఇస్త్రీ పెట్టె పెట్టి నాలుగైదు నిమిషాలు ఉంచండి. పూర్తిగా వేడెక్కితే సాకెట్ దాకా అంతా బాగున్నట్టు. గోరువెచ్చగా అయి ఆగిపోయినా, స్విచ్‌బోర్డులో చిటపటలు వినిపించినా లోపం గోడలోనే ఉంది, పిలవాల్సింది ఎలక్ట్రీషియన్‌ని.

ఎమ్‌సీబీ (ఎక్కువ కరెంటు లాగితే దానంతటదే పడే స్విచ్) పడిపోతుంటే ఎప్పుడు పడుతోందో గమనించండి. ప్లగ్గు పెట్టగానే పడితే వైరులోనో బోర్డులోనో షార్ట్ ఉంది. మిషన్ తిరగడం మొదలై, వేడి అందుకునే సమయానికి ఆర్‌సీసీబీ (కరెంటు కారితే లైను ఆపేసే స్విచ్) పడితే హీటర్ ఎలిమెంట్ నుంచి బాడీకి కరెంటు కారుతోందని అనుమానించాలి. మాటిమాటికీ పడుతోందని ఆ ఆర్‌సీసీబీని తీయించేసి నేరుగా కలిపేసిన ఇళ్లు ఉన్నాయి. తడి కాళ్లతో, తడి బట్టలు పట్టుకుని తాకే మిషన్ ఇది. దయచేసి ఆ పని చేయించకండి.

లైట్లు వెలుగుతున్నాయి, స్టార్ట్ మాత్రం కావట్లేదు

ఇక్కడ ముందు బటన్ల సంగతి. చైల్డ్ లాక్ పడి ఉండొచ్చు, ఆలస్యంగా మొదలయ్యేలా టైమర్ పెట్టి ఉండొచ్చు, నీళ్లు పట్టే రకమైతే ట్యాంకు నిండి ఉండొచ్చు. తలుపు పూర్తిగా పడకపోతే ఏ డ్రయర్ కూడా కదలదు. తలుపు వేసినప్పుడు వినిపించే "టక్" అనే చిన్న చప్పుడే తలుపు స్విచ్‌ది. ఆ చప్పుడు రాకపోతే తలుపు కొక్కెం అరిగిందో స్విచ్ పోయిందో అయి ఉంటుంది. చిన్న భాగమే, పెద్ద ఖర్చు కాదు.

స్టార్ట్ నొక్కగానే "గుంయ్" మని శబ్దం వచ్చి డ్రమ్ము తిరగకపోతే కథ వేరు. మోటారుకు కరెంటు అందుతోంది, కానీ అది డ్రమ్మును కదపలేకపోతోంది. వెంటనే ఆపేయాలి, అలాగే వదిలేస్తే వైండింగ్ కాలుతుంది. ప్లగ్గు తీసి, డ్రమ్మును చేత్తో తిప్పండి. బిగుసుకుపోయి కదలకపోతే ఏ సాక్సో, బ్రా కమ్మో డ్రమ్ము అంచులో ఇరుక్కుని ఉంటుంది, లేదా బేరింగ్ పట్టేసి ఉంటుంది. ఏ పట్టూ లేకుండా తేలిగ్గా తిరుగుతుంటే బెల్ట్ తెగింది. మామూలు బరువుతో తిరుగుతుంటే అనుమానం కెపాసిటర్ మీదికి పోతుంది. ఫ్యాన్ల షాపులో కండెన్సర్ అని అడిగితే ఇచ్చేది ఇదే. పాతదాని మీద రాసిన మైక్రోఫారడ్ విలువ, వోల్టేజి చూసి సరిగ్గా అదే వేయించాలి. ఒక మాట గుర్తుంచుకోండి: ప్లగ్గు తీసిన తర్వాత కూడా కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉంటుంది. తెలిసినవాళ్లు తప్ప దాన్ని ముట్టుకోకూడదు.

మోటారు మూలగడానికి మన ఊళ్లలో ఇంకో కారణం లో ఓల్టేజి. మోటారు మొదటిసారి కదలడానికి కావాల్సిన బలం ఓల్టేజి వర్గాన్ని, అంటే ఓల్టేజిని ఓల్టేజితోనే గుణిస్తే వచ్చేదాన్ని, బట్టి ఉంటుంది. ఓల్టేజి కొంచెం తగ్గితే బలం చాలా తగ్గుతుంది. పొద్దున స్టార్ట్ అయిన డ్రయర్ రాత్రి ఏసీలన్నీ ఆన్ అయ్యాక స్టార్ట్ కాకపోతే మిషన్ విప్పడం దండగ. వేళ మార్చి వేసి చూడండి.

కాసేపు నడిచి ఆగిపోయి, అరగంట తర్వాత మళ్లీ బుద్ధిగా స్టార్ట్ అవుతోందా? మోటారు లోపల వేడి ఎక్కువైతే తెరుచుకునే రక్షణ స్విచ్ ఉంటుంది, చల్లారాక అదే మూసుకుంటుంది. ఆ స్విచ్ తన పని తాను చేస్తోంది. మోటారు అంతగా ఎందుకు కాగుతోందన్నదే వెతకాల్సింది. మోటారు చుట్టూ బట్టల నుంచి రాలే నూగు పేరుకుందా, మిషన్ పట్టే దానికంటే ఎక్కువ బట్టలు వేస్తున్నారా అన్నది మొదట చూడాలి.

పై కారణాలేవీ కాకపోతే ఎలక్ట్రానిక్ బోర్డు. బాల్కనీలో పెట్టిన మిషన్ల బోర్డుల మీద చీమల పుట్టలు, కాలిపోయిన బల్లులు కనిపించడం ఇక్కడ మామూలే. ఎలుకలు కొరికిన వైర్లూ అంతే. బోర్డు మార్చాలి అని ఎవరైనా అంటే, ముందు దాన్ని బయటికి తీసి మీకు చూపించమనండి.

వేడి: అసలు చిక్కంతా ఇక్కడే

డ్రమ్ము తిరుగుతోంది, వేడి లేదు. హీటర్ పోయిందని తీర్పు చెప్పే ముందు బట్టలు తాకి చూడండి. చల్లగా, తడిగా ఉంటే నిజంగానే వేడి పుట్టడం లేదు. వేడిగా ఉండి, ఆవిరి పట్టినట్టు చెమ్మగా ఉంటే హీటర్ బాగానే ఉంది, తడి గాలి బయటికి పోవట్లేదు. ఈ తేడా చూడటానికి పరికరం అక్కర్లేదు, చెయ్యి చాలు. కానీ ఇది అడగకుండానే హీటర్ ఆర్డర్ పెట్టేస్తుంటారు.

గాలి ఆగితే వేడి ఎందుకు తగ్గుతుంది? ఫ్యాను గాలిని లాగి హీటర్ మీదుగా డ్రమ్ములోకి పంపుతుంది. ఆ గాలి బట్టల్లో తడి పట్టుకుని బయటికి పోతుంది. దారిలో నూగు అడ్డం పడితే హీటర్ దగ్గర గాలి నిలిచిపోయి అక్కడ మాత్రం విపరీతంగా కాగుతుంది. వేడి హద్దు దాటగానే థర్మోస్టాట్ హీటర్‌కి కరెంటు ఆపేస్తుంది. చల్లారాక మళ్లీ ఇస్తుంది, మళ్లీ ఆపేస్తుంది. హీటర్ ఆన్‌లో ఉండే సమయం కంటే ఆఫ్‌లో ఉండే సమయం ఎక్కువవుతుంది. మీకు తెలిసేది మాత్రం గంటైనా బట్టలు ఆరలేదని. ఇలా సాగి సాగి ఒకరోజు థర్మోస్టాట్ కూడా ఆపలేనంత వేడి ఎక్కితే థర్మల్ ఫ్యూజ్ తెగుతుంది. అది ఒకసారి తెగితే మళ్లీ అతుక్కోదు. కొన్ని మోడళ్లలో ఈ ఫ్యూజ్ హీటర్‌ని ఒక్కదాన్నే ఆపుతుంది, కొన్నింట్లో మోటారును కూడా ఆపేస్తుంది. అందుకే "స్టార్ట్ కాదు", "వేడెక్కదు" అనే రెండు ఫిర్యాదులకీ ఒకే బొటనవేలంత ముక్క కారణం కావచ్చు.

కుక్కర్‌కి సేఫ్టీ వాల్వ్ ఉన్నట్టే డ్రయర్‌కి ఈ ఫ్యూజ్. విజిల్ గొట్టంలో పప్పు ఇరుక్కుంది కాబట్టి వాల్వ్ పోయింది. కొత్త వాల్వ్ వేసి గొట్టం కడక్కుండా మళ్లీ పొయ్యి మీద పెడితే ఏమవుతుందో వంటింట్లో ఎవరినడిగినా చెబుతారు.

కర్నూలులో ఒక చిన్న నర్సింగ్ హోము వెనకాల లాండ్రీ గదిలో ఇదే జరిగింది. అక్కడ పనిచేసే తమ్ముడు చెప్పిన మాట ఇది: "అన్నా, రెండు తూర్లు ఫ్యూజు మార్చినాం. వారం ఆడతాది, మళ్లీ పోతాంది. ఈ మిషనే మంచిది కాదంటాండారు." మిషన్‌ని కడప బండలతో కట్టిన గూట్లో పెట్టారు. పైన ఒక బండ, రెండు పక్కలా రెండు బండలు, వెనక గోడకి జానెడు జాగా కూడా లేదు. గాలి గొట్టం గోడకీ మిషన్‌కీ మధ్య నలిగి చప్పిడైపోయింది. గొట్టం గోడ దాటి బయటికి వచ్చే చోట పావురాలు దూరకుండా దోమతెర గుడ్డ కట్టి ఉంది. ఆ గుడ్డకు దుప్పట్ల నూగు, వీధి ఎర్రమట్టి దుమ్ము కలిసి పట్టి, చేత్తో లాగితే మందపాటి చాపలా ఒకే ముక్కగా ఊడి వచ్చింది. లోపల ఫిల్టర్ మాత్రం తళతళలాడుతోంది, రోజూ కడుగుతున్నారు. హీటర్‌ని మల్టీమీటర్‌తో (కరెంటు కొలతలు చూసే మీటరు) చూస్తే దానికి ఏమీ కాలేదు. గూటి ముందుకు మిషన్ జరిపి, గొట్టం తిన్నగా చేసి, తెర తీసేసి, ఫ్యూజ్ మార్చాక దుప్పట్లు ఆరాయి.

గాలి గొట్టం చివర సన్నటి జాలీ కట్టకూడదు. పక్షులు రాకూడదంటే గాలి వచ్చినప్పుడు తెరుచుకుని, ఆగినప్పుడు మూసుకునే రెక్కల మూత దొరుకుతుంది, అది వేయించండి. గాలి ఎంత వస్తోందో తెలుసుకోవడానికి డ్రయర్ నడుస్తుండగా గొట్టం చివర పల్చటి చేతి రుమాలు పట్టుకోండి. బలంగా ఎగరాలి. నీరసంగా ఊగుతుంటే దారిలో ఎక్కడో అడ్డం ఉంది. ఫిల్టర్ చూడటానికి శుభ్రంగా ఉన్నా ఒకసారి కుళాయి కింద పట్టి నీళ్లు పోయండి. నీళ్లు జాలీలోంచి జారిపోకుండా పైనే నిలబడితే ఫ్యాబ్రిక్ కండిషనర్ జిడ్డు పొరలా పట్టిందని అర్థం. సబ్బు నీళ్లతో మెత్తటి బ్రష్ పెట్టి తోమి, ఆరాక పెట్టండి.

ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని రెండు వైర్లూ కలిపి ముడివేసేవాళ్లు ఉన్నారు. డ్రయర్ వెంటనే వేడెక్కుతుంది, కస్టమర్ సంతోషిస్తాడు, మెకానిక్ డబ్బు తీసుకుని పోతాడు. ఇది చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. బట్టల నూగు అంటే ఎండిన దూది, నిప్పురవ్వ చాలు. అమెరికా అగ్నిమాపక శాఖ 2008 నుంచి 2010 వరకు లెక్కలు తీస్తే ఇళ్లలో డ్రయర్ల వల్ల ఏడాదికి సుమారు 2,900 అగ్ని ప్రమాదాలు జరిగాయని తేలింది, వాటికి మొదటి కారణం శుభ్రం చేయకపోవడమే. అక్కడ ఫ్యూజులు ఉండి కూడా అన్ని జరిగాయి. మన ఇంట్లో ఆ ఒక్క కాపలాను కూడా తీసేసి, మిషన్ ఆన్ చేసి, పిల్లల్ని పక్క గదిలో పడుకోబెట్టి మార్కెట్‌కి పోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఫ్యూజ్ దొరికేదాకా బట్టలు దండెం మీద వేసుకోండి. రాయలసీమ ఎండ ఎక్కడికీ పోదు.

ఓల్టేజి లెక్క

గాలి బాగుంది, ఫ్యూజ్ బాగుంది, అయినా వేడి చాలట్లేదు. ఇప్పుడు ఓల్టేజి కొలవాలి, అదీ డ్రయర్ నడుస్తుండగా. నియమం ప్రకారం ఇళ్లకు 230 వోల్టులు, ఆరు శాతం ఎక్కువో తక్కువో రావాలి. అంటే 216 కంటే తగ్గకూడదు. లైను చివర ఉన్న ఇళ్లలో, బోరు మోటార్లు కూడా అదే ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న పల్లెల్లో 180 దాకా పడిపోవడం తెలియని సంగతి కాదు.

హీటర్ ఇచ్చే వేడి కూడా ఓల్టేజి వర్గాన్ని బట్టే ఉంటుంది. 230కి 180 అంటే ఓల్టేజి తగ్గింది 22 శాతమే, వేడి మాత్రం 39 శాతం తగ్గుతుంది. 2000 వాట్ల హీటర్ 1225 వాట్లే ఇస్తుంది. దీన్ని నీళ్ల లెక్కలో చూద్దాం. లీటరు నీళ్లు ఆవిరి కావడానికి యూనిట్‌లో మూడింట రెండు వంతుల కరెంటు పడుతుంది. ఏ నష్టం లేకుండా చూసుకున్నా పూర్తి ఓల్టేజిలో లీటరుకి 20 నిమిషాలు, 180 వోల్టుల దగ్గర 33 నిమిషాలు. సరిగా పిండకుండా వేసిన ఐదు కిలోల బట్టల్లో మూడు లీటర్ల నీళ్లు ఉన్నాయనుకుంటే గంటలో అయ్యే పని గంటన్నర దాటిపోతుంది. డ్రయర్ చెడిపోలేదు, దానికి తిండి చాలట్లేదు. స్పిన్ ఇంకో విడత వేసి బట్టలు పెడితే ఎంత సమయం మిగులుతుందో కూడా ఈ లెక్కలోనే తెలుస్తుంది. నీటిని విదిలించడానికి అయ్యే కరెంటు, ఆవిరి చేయడానికి అయ్యే కరెంటులో ఏ మూలకూ రాదు.

ఓల్టేజి రోజూ ఇలాగే ఉంటే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఫ్రిజ్ స్టెబిలైజర్‌కి డ్రయర్ తగిలించకండి, అది అంత లోడు మోయలేదు.

హీటర్‌ని చూసే వంతు అప్పుడు వస్తుంది. ప్లగ్గు పూర్తిగా తీసేసి, హీటర్ వైర్లు ఊడదీసి, మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి రెండు కొసల మధ్య కొలవాలి. 2000 వాట్లదైతే 26 ఓమ్స్ దగ్గర చూపించాలి. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది. తర్వాత ఒక కొసకీ మిషన్ బాడీకీ మధ్య కొలవాలి, అక్కడ ఏమీ చూపించకూడదు. చూపిస్తే షాక్ కొట్టే మిషన్ అది. థర్మల్ ఫ్యూజ్, చల్లగా ఉన్న థర్మోస్టాట్ రెండూ దాదాపు సున్నా ఓమ్స్ చూపించాలి. ఇంతే పరీక్ష, ఐదు నిమిషాల పని. మీటరు తియ్యకుండా హీటర్ పోయిందని చెప్పే మాటను ఒప్పుకోకండి.

అమెరికా వీడియోలు, అమెరికా డ్రయర్లు

యూట్యూబ్‌లో డ్రయర్ రిపేరు వీడియోలు చాలావరకు అమెరికావి. "డ్రమ్ము తిరుగుతూ వేడి రాకపోతే రెండు బ్రేకర్లలో ఒకటి పడిపోయింది చూడండి" అనే సలహా వాటిల్లో తరచూ వస్తుంది. అక్కడ అది నిజం. ఆ దేశంలో డ్రయర్‌కి 120 వోల్టుల వైర్లు రెండు వస్తాయి. మోటారు ఒకదాని మీద, 120తో నడుస్తుంది. హీటర్ రెండింటి మధ్య, 240తో నడుస్తుంది. మోటారుది కాని రెండో వైరు పోతే మోటారు తిరుగుతుంది, హీటర్ ఆగుతుంది. మన ఇంట్లో ఒకే ఫేజ్, ఒకే న్యూట్రల్. ఒకటి పోతే అన్నీ ఆగిపోతాయి. ఆ సలహా పట్టుకుని ఇంటి బ్రేకర్లుండే డీబీ బాక్స్ ముందు నిలబడితే ఏమీ దొరకదు.

ఇల్లు ఖాళీ చేసి వస్తూ అక్కడి డ్రయర్‌ని కంటైనర్‌లో తెచ్చుకున్న కుటుంబాలు కడపలోనూ ఉన్నాయి. వాళ్లకొక మాట. ప్లగ్గు మార్పించి మన 230 వోల్టులు నేరుగా ఇస్తే 120 వోల్టుల మోటారు, బోర్డు కాలిపోతాయి. కరెంటు ఫ్రీక్వెన్సీ కూడా అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. కొత్తది కొనుక్కోవడమే నయం.

వాషర్ డ్రయర్ ఉన్నవాళ్లకు

చాలా వాషర్ డ్రయర్లు ఆవిరిని నీళ్లుగా మార్చడానికి కుళాయి నీళ్లే వాడతాయి. ఆరబెట్టేటప్పుడు కూడా సన్నగా నీళ్లు లోపలికి వెళుతూనే ఉంటాయి. ఉతకడం అయిపోయింది కదా అని కుళాయి కట్టేస్తే, లేదా మిద్దె మీద ట్యాంకు ఖాళీ అయితే, హీటర్ కాగుతూనే ఉంటుంది, తడి మాత్రం డ్రమ్ములోనే తిరుగుతుంది. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని వీధుల్లో ఈ కారణాన్ని మొదట చూడాలి. ఇంకొకటి. ఎండాకాలం మధ్యాహ్నం నల్ల ట్యాంకులో నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. ఆవిరిని చల్లార్చాల్సిన నీళ్లే అంత వేడిగా వస్తే ఆరడానికి చాలాసేపు పడుతుంది. తెల్లవారుజామున వేసి చూడండి, అదే మిషన్ అదే బట్టల్ని తొందరగా ఆరబెడుతుంది.

హీట్ పంపు డ్రయర్లకీ ఇలాంటిదే ఒక సంగతి ఉంది. అవి పెద్దగా వేడెక్కవు, తక్కువ వేడితో ఎక్కువసేపు నడిచేలా తయారు చేసినవి. బట్టలు కాలేంత వేడిగా రాలేదని ఫిర్యాదు చేయక్కర్లేదు. చాలా మాన్యువళ్లలో గది వేడి 5 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని రాస్తారు. మే నెలలో కర్నూలు బాల్కనీ ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. నీడలో, గాలి ఆడే చోట పెట్టండి.

బోరు నీళ్ల సున్నం ఇంకో ఇబ్బంది తెస్తుంది. డ్రమ్ములో కొన్ని మోడళ్లకు రెండు సన్నటి స్టీలు పట్టీలు కనిపిస్తాయి. బట్టలు వాటిని తాకినప్పుడు తడి ఎంతుందో మిషన్ వాటితోనే తెలుసుకుంటుంది. పట్టీల మీద సున్నమో కండిషనర్ పొరో పేరుకుంటే బట్టలు తడిగా ఉండగానే "అయిపోయింది" అని ఆగిపోతుంది. గుడ్డకి కాస్త వెనిగర్ అద్ది తుడిస్తే పోతుంది. వేడి సరిపోవట్లేదని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని ఈ తుడుపుతోనే తీరిపోతాయి.

త్రీ ఫేజ్ మిషన్లు

ఆస్పత్రులు, పెద్ద లాడ్జీల్లో ఉండేవి త్రీ ఫేజ్ డ్రయర్లు. స్తంభం మీద ఒక ఫేజ్ పోతే వేడి దాదాపు సగానికి పడిపోతుంది, లేదా రక్షణ రిలే అడ్డుపడి మోటారు స్టార్టే కాదు. మూడు ఫేజులూ మీటరుతో చూడకుండా మిషన్ ముట్టుకోకూడదు.

ఇక్కడ రైతు కుటుంబాల వాళ్లకు వెంటనే అర్థమయ్యే లోపం ఒకటుంది. లైను పని జరిగాక బోరు మోటారు ఉల్టా తిరిగి నీళ్లు సరిగా రాకపోతే స్టార్టర్ దగ్గర రెండు వైర్లు అటుదిటు మారుస్తారు కదా. లాండ్రీ డ్రయర్‌లో గాలి ఫ్యాను మోటారుకీ అదే జరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన మర్నాడు ఫేజుల వరస తారుమారైతే ఫ్యాను ఉల్టా తిరుగుతుంది. చప్పుడు మామూలుగానే ఉంటుంది, కొంత గాలి కూడా వస్తుంది, కానీ చాలదు. హీటర్ దగ్గర వేడి పెరిగి థర్మోస్టాట్ ఆపేస్తుంటుంది, బయటికి మాత్రం వేడి రావట్లేదనే కనిపిస్తుంది. నిన్నటిదాకా బాగున్న త్రీ ఫేజ్ డ్రయర్ లైను పని జరిగాక ఇలా చేస్తే ఫ్యాను ఏ వైపు తిరుగుతోందో, దాని ఒంటి మీద బాణం గుర్తు ఏ వైపు ఉందో పోల్చి చూడమనండి. ఎలక్ట్రీషియన్ రెండు ఫేజులు మారిస్తే సరిపోతుంది.

మెకానిక్ వచ్చినప్పుడు

ఫిల్టర్, గొట్టం, సెన్సర్ పట్టీలు, సాకెట్ చూసుకోవడం ఇంట్లోవాళ్లు చేసుకోదగ్గ పనులు. వెనక పలక విప్పాల్సి వస్తే, కరెంటు పని తెలియకపోతే అక్కడ ఆగిపోండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే తీయాలి. కింద నేల తడిగా ఉండకూడదు.

వచ్చినవాళ్లకి మిషన్ రకం, ఎప్పుడు ఆగింది, డ్రమ్ము, గాలి, వేడి మూడింట్లో ఏది లేదు, లో ఓల్టేజి ఉందా అనేవి చెప్పండి. ఏ భాగం మార్చినా పాతది మీ చేతికి ఇమ్మనండి, అది పోయిందని మీటరుతో చూపించమనండి. థర్మల్ ఫ్యూజ్ మార్చారంటే మాత్రం ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "అన్నా, ఇది ఎందుకు పోయింది?" దానికి జవాబు చెప్పకుండా వెనక పలక బిగించేస్తుంటే ఆపండి. గాలి గొట్టం ఊడదీసి లోపల నూగు తీయించి, రుమాలు పెట్టి గాలి చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.